ఇంతకంటే దగ్గరి పేరుందా అండీ?

కస్టమ్స్ గారు పోయారన్న కబురు నాకు మొట్టమొదట చెప్పినవాడు కొబ్బరికాయలు దింపే సత్తిబాబు. అదీ చెట్టు మీద నుంచి. పొద్దున్నే తులసికోటలో నీళ్లు పోస్తున్నాను. పక్కవాళ్ల తోటలో చెట్టెక్కి ఉన్నవాడు కత్తి ఆపి కేకేశాడు.

"అమ్మగారండీ! కస్టమ్స్ గారింటి ముందు కుర్చీలన్నీ బయటేత్తన్నారండీ! ఆయన పోయేరనుకుంటానండీ!"

"ఊరుకో సత్తిబాబూ, పొద్దున్నే ఏం మాటది!"

"ఆయ్, నాకిక్కణ్ణించి బాగా కనపడతందండీ. మంచం కూడా బయటికి తెచ్చేరండీ."

ఆ తరవాత గెల ఒక్కటీ కిందపడలేదు.

ఆయన పేరు నేనిక్కడ రాయడం లేదు. "పేరు చూడొద్దు, పని చూడండి" అన్నది ఆయన మాటే. పెట్టె మీద అంటించిన చీటీ చదివి లోపలి సరుకేమిటో తేల్చేసేవాడు పనివాడు కాడనేవారు. ఉద్యోగమంతా ఆయన చేసిన పని అదే. విదేశాల నుంచి దిగిన వస్తువు, పన్ను లెక్కకి, ఏ హెడ్డింగ్ కిందికి వస్తుందో తేల్చడం. లోకంలోని వస్తువులన్నిటినీ గడులు గడులుగా విడదీసి, ఒక్కో గడికి ఒక్కో అంకె వేసిన పుస్తకం ఒకటుందట, టారిఫ్ అని. బతికున్న గుర్రంతో మొదలై పురాతన వస్తువులతో ముగుస్తుందట. "గుర్రంలా చేరేను తల్లీ, పురాతన వస్తువునై దిగేను" అనేవారు.

ఎక్కడివారో మాకెవరికీ తెలియదు. మా ఊరు రాజోలు నుంచి మామిడికుదురు వెళ్లే దారిలో లోపలికి ఉంటుంది. పనిలేనివాళ్లు దిగే చోటు కాదు. ఉద్యోగం అయిపోయాక కోనసీమ చూద్దామని బస్సెక్కి, దాహం వేసి మా ఊళ్లో దిగి, బొండం తాగి, మా ఇంటికి ఎదురుగా ఖాళీగా ఉన్న పెంకుటిల్లు అద్దెకు తీసుకుని పదేళ్లు ఉండిపోయారు. మావారు మొదటిరోజే అడిగారు.

"మీదే ఊరండీ?"

"తయారైన ఊరు ఒకటండీ. ఎక్కిన రేవు ఇంకోటి. దిగిన రేవు మీ ఊరు. మీక్కావలసింది ఏదండీ?"

ఏది కావాలో మావారికి తోచక, "కాఫీ తాగుతారా అండీ?" అన్నారు.

చేతికి ఏ వస్తువిచ్చినా ఆయన ముందు తిరగేసి అడుగు చూస్తారు. ఎక్కడ తయారైందో అక్కడే రాసి ఉంటుందని. ఆ మొదటి కాఫీ గ్లాసునూ అలాగే తిరగేశారు, కాఫీతో సహా. పంచె తడిసిన సంగతి పట్టించుకోకుండా, "స్టీలేనండీ, వంటింటి సామాను కిందికి వస్తుంది" అన్నారు. ఆ తరవాత మా అత్తగారు ఆయనకి ముందు ఖాళీ గ్లాసు చూపించి, ఆయన అడుగు చూసి తల ఊపాక, అప్పుడు పోసేవారు. పదేళ్లపాటు మా ఇంట్లో అదొక ఉపచారం.

ఒక ఆదివారం పొట్టిక్కలు పంపాను. పనసాకులు పుల్లలతో బుట్టలా కుట్టి, అందులో ఇడ్లీపిండి పోసి ఉడికిస్తాం. గంటకల్లా ఖాళీ ఆకుబుట్టలు పట్టుకుని ఆయనే వచ్చేశారు.

"తల్లీ, ఇవి తిరిగి ఇచ్చేయాలా?"

"అయ్యో, పారేయడమేనండీ."

"అయితే ఇడ్లీతోపాటే. ప్యాకింగ్ సరుకు వెంట పోతుంది. మళ్లీ వాడుకునే డబ్బా అయితేనే దాని దారి దానిది." ఆ బుట్టలు మా గేదెకి వేసి, ఒక పెద్ద చిక్కు తీరినట్టు ఊపిరి పీల్చుకున్నారు.

మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం నాడు పంతులుగారిని మధ్యలో ఆపేసింది కూడా ఆయనే. పసుపు, కుంకుమ, వక్కలు, ఒత్తులు, కర్పూరం, జాకెట్టు ముక్క అన్నీ కలిపి దుకాణంవాళ్లు ఒకే కవరులో పెట్టిచ్చారు. కవరు ఎత్తి అడుగు చూశారు.

"పంతులుగారూ, చిన్న సందేహమండీ. నాలుగు రకాలు ఒక కట్టగా అమ్మితే, ఆ కట్టకి ప్రాణం దేనివల్ల వస్తుందో దాని హెడ్డింగే మొత్తానికీ వెయ్యాలండీ. ఇందులో ప్రాణం దేనిదంటారు?"

పంతులుగారు గంట కిందపెట్టి ఆలోచించారు. "భక్తిదండీ" అన్నారు.

కస్టమ్స్ గారు చాలాసేపు తల ఊపారు. "నిజమేనండీ. కానీ దానికి హెడ్డింగ్ లేదు."

రోజూ దీపం పెట్టేటప్పుడు ఆ మాట గుర్తొచ్చి నవ్వుకుంటాను. అలాంటి మాట ఇచ్చినందుకు ఆయనకీ, ఆయన్ని మా ఊళ్లో దింపిన ఆ దాహానికీ దణ్ణం పెట్టుకుంటాను.

ఇక మా తమ్ముడి విషయం చెప్పాలి. వాడు గల్ఫ్‌లో ఖర్జూరం తోటల్లో పద్నాలుగేళ్లు పనిచేశాడు. మన కొబ్బరికి పట్టే ఎర్రముక్కు పురుగే ఖర్జూరానికీ పడుతుంది. దాని పిల్లలు మాను లోపల కూర్చుని తింటాయి. పైకి చెట్టు పచ్చగానే ఉంటుంది. నెత్తిన లేత మొవ్వు వాలిన రోజున మనకి తెలుస్తుంది, ఆ రోజుకి చెట్టు చేతికి దక్కదు. మా మామగారు మానుకి చెవి ఆనించి, లోపల కరకరమంటుంటే పురుగుందని చెప్పేవారు. గల్ఫ్‌లో ఆ చెవి పని ఒక చిన్న పరికరం చేస్తుందట. అరచేతిలో పట్టే డబ్బా, దానికొక మేకు. మేకును మానులోకి దిగ్గొడితే, లోపల పురుగు కదిలినప్పుడు పుట్టే అదురును పట్టుకుని ఫోనులో చూపిస్తుంది.

తమ్ముడు సెలవు మీద వస్తూ ఒకటి వెంట తెచ్చుకున్నాడు. మరికొన్ని పార్సిల్లో తెప్పించాడు. అవి చేతికొస్తే కోనసీమ తోటలు తిరిగి చెట్లు చూస్తూ ఇక్కడే ఉండిపోతాడు. రాకపోతే వినాయక చవితిలోపు మళ్లీ విమానం ఎక్కాలి, వీసా గడువు అంతే. మా మరదలు ఆ వీసా కాగితాన్ని దేవుడి పటానికి వెనకవైపు పెట్టింది. ముందు పెడితే దేవుడు చదివి సరేనంటాడేమోనని.

పార్సిలు విమానాశ్రయం గోడౌన్‌లో ఆగిపోయింది. పెట్టె మీద కదలికలు పసిగట్టే పరికరమని రాసి ఉందట. అంటే ఇది దొంగల అలారమా, భూకంపాల మిషనా, వ్యవసాయ పనిముట్టా, తేల్చి చెప్పమని ఉత్తరం వచ్చింది. అలారమని తేలితే ఇంకో ఆఫీసు అనుమతి కావాలి, అది ఎన్ని నెలలకొస్తుందో బ్రహ్మకి కూడా తెలియదు అన్నాడు సామాను విడిపించే ఏజెంటు. తమ్ముడు ఆ ఉత్తరం పట్టుకుని ఎదురింటికి పరిగెత్తాడు. వెనక నేను.

కస్టమ్స్ గారు ఉత్తరాన్ని రెండుసార్లు చదివారు. ముఖం వెలిగిపోయింది.

"ఎవరు రాసేరండీ ఇది! బంగారం లాంటి ప్రశ్న!"

"మా కొంప మునిగిపోతోందండీ" అన్నాడు తమ్ముడు.

"మునగనీయండి బాబూ. ముందు ప్రశ్న ఎంత ముచ్చటగా ఉందో చూడండి." పరికరాన్ని తిరగేసి అడుగు చూశారు. వేలి ముడితో కొట్టి చూశారు. "ఇది కదుల్తుందా?"

"లేదండీ."

"చెట్టు కదుల్తుందా?"

"లేదండీ. లోపల పురుగు కదుల్తుందండీ."

"అది కనపడుతుందా?"

"కనపడదండీ."

"కదలనిదాన్ని కదలనిదానికి కొట్టి, కనపడనిది కదిలిందంటున్నారు. ఆఫీసులో కూర్చున్నవాళ్లు కంగారు పడరా మరి?" అని నావైపు తిరిగారు. "తల్లీ, నువ్వైతే దీన్ని ఏమంటావు?"

"పురుగు చెవి అంటున్నారండీ మా అత్తగారు. నాకూ అలాగే ఉంది."

"అదీ! వాడుకునే మామూలు జనం దేన్ని ఏమని పిలుస్తారో కోర్టులు కూడా వింటాయి. ఈ కేసులో సాక్షివి నువ్వే. నువ్వు బడికి పోకపోవడం మన అదృష్టం."

నిజమే, నేను బడికి వెళ్లలేదు. మా పుట్టిల్లు లంకలో ఉంది. బడికి పడవ దాటాలి, నీళ్లంటే మా నాన్నగారికి భయం. ఆయనే అరుగు మీద కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించారు. బడికి పోనందుకు నన్నొకరు మెచ్చుకోవడం అదే మొదటిసారి. నాన్నగారుంటే ఎంత సంతోషించేవారో!

"అలారం అరుస్తుంది. కొలిచే పరికరం ఎంతో చెప్తుంది" అన్నారు కస్టమ్స్ గారు. "ఇది కొలుస్తుందని మనం చూపించాలి. అంతే కేసు."

ఆయన రాసిచ్చిన జవాబు వెళ్లిన పది రోజులకు, ఫోనులో వీడియో మీద విచారణ చేస్తామని, పరికరం పనిచేస్తుండగా చూపించమని కబురొచ్చింది. గట్టు మీద మాకొక చెట్టుంది. మానుకి కన్నాలు పడి, ఎర్రటి జిగురు కారుతూ, పురుగుందని ఎవరికైనా తెలిసే చెట్టు. దాన్ని చూపిద్దామనుకున్నాం.

ఆ రోజు వీధి వీధంతా తలంట్లు పోసుకుని తోటలోకి వచ్చింది. మావారు ఫోను పట్టుకున్నారు. తెర మీదికి ఆఫీసరుగారు వచ్చారు. కళ్లజోడు పెట్టుకున్న ఆవిడ. మా అత్తగారు బొండం కొట్టించి, గొట్టం వేసి, ఫోను ముందు పట్టుకున్నారు.

"అమ్మా, ఆవిడ ఎలా తాగుతారే?" అన్నారు మావారు.

"తాగకపోతే పోయె. మన మర్యాద మనది."

"చాలా సంతోషమండీ" అన్నారు ఆఫీసరుగారు. "కాస్త పక్కకి తీస్తారా? చెట్టు కనపడటం లేదు."

తమ్ముడు మేకు దిగ్గొట్టి, అంకెలు చూపించే తన ఫోనును ఆవిడకి కనపడేలా పట్టుకున్నాడు. దాని తెర మీద ఏమీ లేదు. ఒక నిమిషం, రెండు నిమిషాలు. ఎక్కడో కాకి అరుస్తోంది. నేను కళ్లు మూసుకుని అంతర్వేది స్వామిని తలుచుకున్నాను. స్తంభంలోంచి వచ్చినవాడివి నువ్వు, ఈ మానులో ఒక్క పురుగుని పలికించలేవా తండ్రీ అని. తినమను స్వామీ, ఒక్క ముద్ద తినమను. నా జన్మలో పురుగు కోసం మొక్కుకున్నది ఆ రోజే.

"ఏమీ రావట్లేదు కదండీ" అన్నారు ఆఫీసరుగారు.

అప్పుడు సత్తిబాబు ముందుకొచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతులు కట్టుకుని. "ఏటొత్తదండీ? లేవు గదండీ. నిన్ననే కన్నాల్లో మందు పోసి, సిమెంటు పెట్టి నున్నగా మూసేసేనండీ."

"ఎందుకురా!" అన్నాడు తమ్ముడు.

"ఆఫీసరమ్మగారు చూత్తారన్నారు గదండీ! పురుగులున్న చెట్టు చూపిత్తే మన తోటకి ఎంత నామర్దా అండీ?"

తమ్ముడు గట్టు మీద కూలబడ్డాడు. మా మరదలు కొంగు నోట్లో కుక్కుకుంది. సత్తిబాబుని తిట్టడానికి మాకు ముఖం లేదు. ఎందుకంటే మాలో ఎవరికి తట్టినా అదే పని చేసేవాళ్లం. పెద్దలొస్తున్నారంటే ఇల్లు కడిగి ముగ్గు పెట్టుకోమా?

కస్టమ్స్ గారు మాత్రం సత్తిబాబుకి రెండు చేతులూ ఎత్తి నమస్కారం పెట్టారు. "బాబూ, నువ్వు మహానుభావుడివి." ఫోనువైపు తిరిగారు. "అమ్మా, మీకు తెర మీద ఏం కనపడుతోందండీ?"

"ఏమీ లేదండీ."

"ఏమీ లేదా, సున్నా ఉందా?"

ఆవిడ దగ్గరికి వంగి చూశారు. "సున్నా ఉందండీ."

"రాసుకోండమ్మా. దొంగ రాకపోతే అలారం ఊరుకుంటుంది. ఇది ఊరుకోలేదు, సున్నా అంది. లేదన్న సంగతి కూడా అంకె వేసి చెప్పేది కొలిచేదే అవుతుంది."

"బాగుందండీ" అన్నారు ఆవిడ. "కానీ ఆగిపోయిన గడియారం కూడా ఎప్పుడూ ఒకటే చూపిస్తుంది."

"బంగారం లాంటి మాట!" కస్టమ్స్ గారు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు. మా తమ్ముడు ఆయనవైపు చూసిన చూపు నేను మరిచిపోలేను.

అక్కణ్ణించి ఊరేగింపు బయల్దేరింది. ముందు పరికరంతో కస్టమ్స్ గారు, వెనక సుత్తితో తమ్ముడు, ఫోనుతో మావారు, ఇంకా బొండం వదలని మా అత్తగారు. చెట్టు తరవాత చెట్టు. సున్నా. సున్నా. మళ్లీ సున్నా. ఒక్కో చెట్టు ఆరోగ్యంగా ఉన్నకొద్దీ మా ముఖాలు వాడిపోతున్నాయి. "ఎంత బాగా పెంచేరండీ తోట!" అని ఆఫీసరుగారు మెచ్చుకుంటుంటే, "ఆయ్, ఏం చేస్తామండీ" అంటున్నారు మావారు దిగులుగా.

మిగిలింది పశువుల పాక పక్కనున్న చెట్టు. శుక్రవారం శుక్రవారం నేను స్వామికి కొట్టే కాయ దానిదే. నిగనిగలాడుతోంది. దానికి వద్దు అనబోయి, తమ్ముడి ముఖం చూసి మానేశాను. మేకు దిగింది. సున్నా అలాగే కాసేపుండి, కదిలింది. అంకె పెరిగింది, తగ్గింది, మళ్లీ పెరిగింది.

"ఏమవుతోందండీ?" అన్నారు ఆఫీసరుగారు.

"భోంచేస్తోందమ్మా" అన్నారు కస్టమ్స్ గారు.

అందరూ కేకలు వేశారు. నేనూ చప్పట్లు కొట్టాను. నా స్వామి చెట్టును పురుగు తింటుంటే చప్పట్లు కొట్టాను, అప్పుడే ఏడుపొచ్చింది.

"సాక్షి ఉన్నారన్నారు కదా. అమ్మా, మీ ఊళ్లో దీన్ని ఏమంటారు?" అన్నారు ఆఫీసరుగారు.

"చెవి అంటామండీ" అన్నాను కళ్లు తుడుచుకుంటూ.

"చెవా? అయితే చెవిటివాళ్లు పెట్టుకునే మిషన్లున్నాయి కదండీ, ఆ హెడ్డింగ్..."

"వద్దమ్మా!" అని అరిచి కస్టమ్స్ గారు అరచేత్తో మాను మీద ఒక్కటి చరిచారు. తెర మీద అంకె ఆకాశానికి ఎగిరింది. ఆవిడ కళ్లజోడు తీసి నవ్వారు. "సరేనండీ. కొలుస్తోంది" అన్నారు.

చవితికి నాలుగు రోజుల ముందు ఉత్తరం వచ్చింది. కొలిచే పరికరాల్లో, చిట్టచివర, 'ఇతరములు' అన్న గడిలో వేశారట. పార్సిలు విడుదల. తమ్ముడికి ఆ మాట మాత్రం నచ్చలేదు.

"ఇంత చేస్తే ఇతరములా అండీ? తీసిపారేసినట్టుంది."

"కాదు బాబూ" అన్నారు కస్టమ్స్ గారు. "ప్రతి గుంపు చివరా ఆ గడి ఒకటుంటుంది. ఎక్కడా ఇమడనిదాన్ని రేవు బయట ఎండలో నిలబెట్టకుండా లోపలికి పిలిచే గడి. ఉద్యోగం మొత్తంలో నాకు నచ్చింది అదొక్కటే. కాకపోతే అందులో వేసే ముందు ఒక్కమాట అడగాలి, ఇంతకంటే దగ్గరి పేరుందా అండీ అని. లేదంటేనే వెయ్యాలి."

ఆ ప్రశ్న తరవాత ఊరందరికీ ఊతపదమైంది. చేపలబ్బి దగ్గర, బియ్యం దుకాణంలో, ఎవరైనా ఏదైనా చూపిస్తే చాలు, ఇంతకంటే దగ్గరి పేరుందా అండీ అని నవ్వుకునేవాళ్లు. తమ్ముడు ఉండిపోయాడు. మా మరదలు పటం వెనక కాగితం తీసి పొయ్యిలో పెట్టింది. స్వామి చెట్టుకి సత్తిబాబు వెంటనే మందు వేశాడు. ముందే తెలిసింది కాబట్టి బతికింది. దాని కాయ నెలకొకటి ఎదురింటికి పంపేదాన్ని. ఆయన అడుగు చూసేవారు.

ఆయన నిద్రలోనే పోయారు. పెట్టెలో పింఛను కాగితాలు దొరికాయి. పేరుంది. ఇంటిపేరు దగ్గర ఒక్క అక్షరం, చుక్క. అందులో ఉన్న నంబరుకి ఫోను చేస్తే ఆఫీసులో ఎవరో గుమాస్తా పాపం అన్నాడు. తన వాళ్లంటూ ఎవరూ తేలలేదు. తమ్ముడు తడిబట్టలతో వచ్చి, కొరివి నేను పెడతానన్నాడు. పంతులుగారు దర్భలు సవరించుకుని అడిగారు.

"గోత్రం?"

ప్రపంచంలోని ప్రతి వస్తువుకీ గడి వెతికిన మనిషి. పదేళ్లలో ఆయన గోత్రం అడగాలని మాలో ఒక్కరికీ తోచలేదు.

"ఫరవాలేదండీ" అన్నారు పంతులుగారు. "తెలియనప్పుడు కాశ్యప గోత్రం చెప్పమన్నారు పెద్దలు. ఏ గోత్రమో తెలియనివాళ్లందరూ అందులోకే."

తమ్ముడూ నేనూ ఒకరినొకరం చూసుకున్నాం. శవం ముందు నవ్వొచ్చింది. కొంగు అడ్డం పెట్టుకున్నాను, పెట్టుకుంటే ఏడుపయింది. ఇతరములు! ఆయనకి నచ్చిన గడి.

వెనకనుంచి సత్తిబాబు గొంతు వినపడింది. "పంతులుగారండీ, ఏమనుకోకండి. ఇంతకంటే దగ్గరి పేరుందా అండీ?"

ఎవరూ నవ్వలేదు. వ్రతం నాడు గంట కిందపెట్టినట్టే, పంతులుగారు దర్భలు కిందపెట్టి ఆలోచించారు.

"గోత్రానికి లేదు. ఇంటిపేరు చుక్కగా ఉందన్నారుగా. అక్కడ మన ఊరి పేరు చెప్దాం. మన ఇంటిపేర్లు సగం ఊళ్ల పేర్లేనాయె" అన్నారు.

అలాగే చెప్పారు. మా ఊరి పేరు ఇంటిపేరుగా, కాశ్యప గోత్రంతో ఆయన వెళ్లిపోయారు. దిగిన రేవు పేరే ఆయనకి మిగిలింది. ఈ శుక్రవారం కూడా స్వామికి పాక పక్క చెట్టు కాయే కొట్టాను. కొట్టే ముందు తిరగేసి అడుగు చూశాను.

ఇది చదివినవారికి ఒక మనవి. గుళ్లో పూజారిగారు గోత్రనామాలు అడిగినప్పుడు మీ ఇంటిల్లిపాది పేర్లూ చెప్పుకోండి. ఎవరినీ తొందరపడి వదిలేయకండి. అందరూ అయిపోయాక, ఆయన హారతి పళ్లెం మీవైపు తిప్పేలోపు ఒక్క క్షణం ఉంటుంది. పోయినవారి పేరు అక్కడ పైకి చెప్పకూడదు. మనసులోనే, కాశ్యప గోత్రం, కస్టమ్స్ గారు అని ఒక్కసారి అనుకోండి.